పేరు చెప్పిన గొంతు

టోపీలవాడలో పిల్లలకు నడక రాగానే దివాణం తలుపు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెడతారు. హ్వే కోటకు తూర్పున, హూంగ్ నది ఒడ్డున, ఎత్తయిన ఇటుక గోడ మధ్య ఆ తలుపు రెండు రెక్కలతో ఉంటుంది. బయటి వైపు చెక్క మీద, పెద్దవాళ్ళ నడుము ఎత్తున, నాలుగేసి చొప్పున గీతలున్నాయి. పిల్ల తల ఆ గీతలు దాటిందంటే ఇక ఆ పిల్లకు గండాలు తప్పినట్టేనని వాడ నమ్మకం. థోవా చిన్నప్పుడు ఆ గీతల్లో వేళ్ళు దూర్చి ఆడుకునేది. తన నాలుగు వేళ్ళూ వాటిలో సరిగ్గా పట్టేవి.

ఆ గీతలు ఎప్పటివో వాడలో ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు. నూరేళ్ళు దాటింది. అయిదో నెల ఇరవై మూడో నాడు కోటలో ఫిరంగులు పేలి, రాజుగారు కొండల్లోకి పారిపోయారు. జనం పిల్లాజెల్లాతో నది వైపు పరుగెత్తుకొచ్చారు. నదికి దగ్గరి దారి దివాణం పెరట్లోంచే. పెరటి చివర సొంత రేవు, రేవులో పడవలు. అప్పటి దొర తలుపు మూయించి అడ్డగడియ వేయించాడు. వెనకనుంచి తోసుకొచ్చే జనం, ముందు మూసిన తలుపు. నలిగిపోయినవాళ్ళు అక్కడే నలిగిపోయారు, మిగిలినవాళ్ళు తలుపు ముందున్న తామరగుంటలో పడి లేవలేదు. వాడ చెప్పే కథ ఇది. దివాణం చెప్పే కథలో మాత్రం దొర తలుపు తియ్యమనే అన్నాడు, ఆ మాట నౌకరు చెవిన పడేసరికి ఆలస్యమైపోయింది. దివాణాల కథల్లో తప్పెప్పుడూ నౌకరుదే అవుతుంది.

ఎవరి కథ వాళ్ళదైనా, భయం మాత్రం రెండు వైపులా ఒకటే. ఏటా ఆ నాడు వాడంతా వీధిలో బల్లలు వేసి, దిక్కులేని ఆ చచ్చినవాళ్ళకు గంజి, ఉప్పు, వేయించిన బియ్యం, చిలగడదుంపలు పెడుతుంది. దాహంతో పోయారని కడవ నిండా నీళ్ళు, తడిసి పోయారని ఒక కుంపటి. దివాణం వాళ్ళూ పెడతారు. కాకపోతే తలుపు బయట పెట్టి, గబగబా లోపలికి వచ్చి గడియ వేసుకుంటారు.

దానితోపాటు ఒక కట్టడి కూడా ఉంది. వాన పడుతున్నప్పుడు తలుపు బయటినుంచి ఎవరు పిలిచినా వెంటనే పలక్కూడదు. పిలిచినవాడు తన పేరు, తండ్రి పేరు చెప్పాలి. ఆ నాడు పోయినవాళ్ళ పేర్లు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి వాళ్ళకు పేర్లు లేవు. పేరు చెప్పినవాడు మనిషి, చెప్పనివాడు మనిషి కాదు. ఈ సంగతి వాడలో అయిదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. దివాణానికి కూరగాయలు తెచ్చేవాడు సైతం చినుకు పడితే చాలు, తండ్రి పేరుతో సహా అరిచి మరీ తెచ్చేవాడు.

థోవా టోపీలు కుట్టే థిన్ కూతురు. ఆకు టోపీ కొనడానికి వచ్చిన దివాణం అబ్బాయి ఖాంగ్ ఆ ఏడు పదకొండు టోపీలు కొన్నాడు. వాడంతా నవ్వుకుంది. పన్నెండో టోపీకి పెళ్ళి మాట వచ్చింది. అలా బయటి పిల్ల లోపలి కోడలైంది. కాపురానికి వెళ్ళిన రోజున ఆమె మొదట చూసింది తలుపు లోపలి వైపు. ఎర్రలక్క పూసి, ముఖం చూసుకోవచ్చన్నంత నున్నగా ఉంది. ఈ ఇంట్లో నూరేళ్ళుగా అందరూ ఈ వైపే చూస్తూ బతికారు కాబోలనుకుంది.

దివాణమంటే ఇప్పుడు పేరుకే. ఏ స్తంభానికా స్తంభం రాతి దిమ్మె మీద నిలబడ్డ చెక్క ఇల్లు, దాని ముందు, తలుపుకు ఎదురుగా పెద్ద అడ్డుగోడ, సగం పెంకులు జారిన కప్పు, దాని కింద వరదలప్పుడు ఎక్కి కూర్చునే అటక. అత్తగారు దియెప్ అమ్మగారికి డెబ్భై నాలుగేళ్ళు. రాజవంశం. ఆ సంగతి ఆవిడ మర్చిపోదు, ఎవర్నీ మర్చిపోనివ్వదు. కోడల్ని కోపం వస్తే "టోపీల పిల్లా" అంటుంది, ప్రేమ వచ్చినా అదే అంటుంది.

కట్టడిని కోడలికి నేర్పింది ఆవిడే. కానీ వాడలో విన్నట్టు నేర్పలేదు.

"పేరు చెబితే తియ్యొచ్చన్నది పాతకాలం మాట," అంది మొదటి వానాకాలంలోనే. "ఇప్పుడు వాళ్ళు పేర్లు అరువు తెచ్చుకుంటున్నారు. మొన్న మునిగినవాడి పేరు ఇవాళ చెబుతారు. తండ్రి పేరూ చెబుతారు. నువ్వు పలికావనుకో, ఈ ఇంట్లోంచి ఒకర్ని తీసుకుపోతారు. అందుకని అసలు పలకొద్దు."

థోవా అప్పుడు నవ్వి ఊరుకుంది. మూడేళ్ళ కిందట మాత్రం నవ్వు పోయింది. ఓ వాన రోజు ఖాంగ్ అన్నం తింటూ తల ఎత్తి, "ఎవరూ?" అన్నాడు. ఎవరో పిలిచారన్నాడు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. పదకొండో రోజున జ్వరంతో పోయాడు. దోమల జ్వరమని డాక్టరు అన్నాడు. దియెప్ అమ్మగారు కోడలి ముఖం చూసి తల పంకించింది అంతే. ఆ తల పంకింపు థోవా ఎముకల్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి చినుకు పడితే కూతురు మైని ఒళ్ళోకి లాక్కుని చెవులు మూసేది. మైకి ఇప్పుడు ఏడేళ్ళు. ఆ పిల్ల తప్ప థోవాకు ఈ ఇంట్లో తనదంటూ ఏమీ లేదు.

ఆ ఏడు పదో నెలలో వాన మొదలై మూడు రోజులైనా తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున బ్యాటరీ రేడియోలో ఉప్పు సరస్సు వైపు గాలివాన కొట్టిందనీ, రొయ్యలకు వెళ్ళిన పడవలు ఒక్కటీ తిరిగి రాలేదనీ చెప్పారు. థోవా చేతిలో గిన్నె జారిపోయింది. ఆమె తమ్ముడు లొక్ వారం కిందట ఆ పడవల్లోనే పనికి వెళ్ళాడు. అమ్మానాన్నా పోయాక ఆమె పెంచిన పిల్లాడు. ఇరవై రెండేళ్ళు వచ్చినా వారానికోసారి తలుపు దగ్గరికి వచ్చి, "అక్కా, వేయించిన చేపలేమైనా మిగిలాయా?" అని అడిగేవాడు. లోపలికి రమ్మంటే, "అమ్మో, మీ అత్తగారు నా కాళ్ళు కడిగించి, వంశం అడిగి, ఆ తర్వాత గానీ ముక్క పెట్టదు," అని గడప దగ్గరే తినేసి పోయేవాడు.

"ఏడవకు," అంది దియెప్ అమ్మగారు రేడియో కట్టేసి. "ఏడిస్తే వింటారు. ఇవాళ జాగ్రత్తగా ఉండాలి మనం."

మధ్యాహ్నానికి నది రేవు మెట్లు మింగింది. ఇంకో గంటకు పెరడు మింగింది. థోవా బియ్యం బస్తా, పూర్వీకుల పటాలు, మంచినీళ్ళ కుండ అటక మీదికి చేర్చింది. మైని ఎక్కించి కదలొద్దని చెప్పింది. అత్తగారు ఎక్కనని మొండికేసి వసారాలో కుర్చీ వేసుకుని తమలపాకులు నములుతూ కూర్చుంది. వరదకు భయపడి అటక ఎక్కడం వంశానికి తలవంపులన్నట్టు కూర్చుంది గానీ, ఆవిడ చూపు నీళ్ళ మీంచి కదల్లేదు.

వాకిట్లో నీళ్ళు అప్పటికి నడుము లోతు. గోడ బయట ఇంకా ఎక్కువ. తలుపు సందుల్లోంచి నీళ్ళు సన్నటి ధారలుగా లోపలికి చిమ్ముతున్నాయి. తలుపు బిగువుగా ఉంది కాబట్టి సరిపోయింది. అది తెరుచుకుంటే వరద తిన్నగా వచ్చి ఇంటికి కొడుతుంది. దిమ్మెల మీద ఊరికే నిలబెట్టిన స్తంభాలు. కదిలాయంటే అటక, అటకతో పాటు మై. థోవా అడ్డగడియ చూసి రావడానికి నీళ్ళలో దిగింది. అడ్డుగోడ దాటి, తలుపుకు నాలుగు అడుగుల దూరంలో ఉండగా విన్నది.

"అక్కా."

ఆమె ఆగిపోయింది.

"అక్కా, తలుపు తియ్యి. నేను లొక్‌ని. టోపీల థిన్ కొడుకుని."

ఆ గొంతు లొక్‌దే. జలుబు చేసినట్టు కాస్త బొంగురుగా ఉంది. థోవా నోరు తెరిచింది. పొద్దున రేడియో చెప్పిన మాట గుర్తొచ్చింది. మొన్న మునిగినవాడి పేరు ఇవాళ చెబుతారు.

"అక్కా, వింటున్నావా? నేను లొక్‌ని. టోపీల థిన్ కొడుకుని. వాడలో ఇళ్ళన్నీ మునిగాయి. తలుపు తియ్యి."

"థోవా," అని వసారాలోంచి అత్తగారు అరిచింది. కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. "పలకొద్దు. వెనక్కి రా. నీ వెనక పిల్ల ఉంది. పలికావంటే పిల్ల పోతుంది."

థోవా రెండు చేతులతో నోరు మూసుకుంది. తమ్ముడి గొంతుతో మాట్లాడుతున్నది తమ్ముడు కాదని నమ్మింది. కట్టడి ప్రకారం పొల్లుపోకుండా చెబుతున్న కొద్దీ ఇంకా నమ్మింది. బతికున్న లొక్ ఏనాడూ తలుపు దగ్గర పేరు చెప్పుకోలేదు, చేపలే అడిగాడు. అడుగు వెనక్కి వేసింది. నీళ్ళలో కాలు జారి, అడ్డుగోడ పట్టుకుని నిలబడింది.

మూడోసారి పిలుపు వచ్చింది. పేరు, తండ్రి పేరు. ఆ తర్వాత ఏదో మాట, వానలో సరిగా అర్థం కాలేదు. తర్వాత తలుపు మీద రెండు దెబ్బలు. తర్వాత ఏమీ లేదు.

ఎంతసేపు అలా నిలబడిందో థోవాకు తెలియదు. నీళ్ళు మాత్రం నడుము నుంచి పొట్ట మీదికి వచ్చాయి. వెళ్ళిపోయాడు, వెళ్ళిపోయింది, ఏదైతే అది వెళ్ళిపోయిందని తనకు తాను చెప్పుకుంటోంది. అప్పుడు తలుపు అవతల ఇంకో గొంతు లేచింది. ఆడ గొంతు, చెవులు చిల్లులు పడే గొంతు.

"ఒసేయ్ థోవా, చచ్చావా లోపల? నేనే, మువాన్‌ని. మా నాన్న పేరు కూడా కావాలా నీకు? బాక్. ముక్కు వంకర బాక్. చాలా, ఆయన ముక్కు కొలత కూడా చెప్పాలా?"

మువాన్ రేవు దగ్గర ఆలిచిప్పల అన్నం అమ్మే మనిషి. ఆమె నోటికి పోలీసులు కూడా జడుస్తారు. థోవా పెళ్ళిలో, మన పిల్ల అద్దం తలుపులోకి వెళ్తోంది, ఇక మన మొహాలు కనపడవని ఏడుస్తూ తిట్టింది ఆవిడే.

"గడప లోపలికి వెళ్ళగానే మా గొంతులు మర్చిపోయావుటే? పిల్లలున్నారే ఇక్కడ. నీళ్ళు మెడదాకా వచ్చాయి. ఆ దొరలాగే నువ్వూ తియ్యవా?"

"అది మువాన్ కాదు," అంది అత్తగారు. "అది మువాన్ కాదు థోవా."

అప్పుడే వినపడింది, చెక్క మీద గోకుతున్న చప్పుడు. అది తలుపు పైన లేదు, మధ్యన లేదు. కిందుగా, నీటి అంచు మీద. ఎవరో పిల్లను ఎత్తి పట్టుకుంటే ఆ పిల్ల వేళ్ళతో తలుపును గోకుతోంది. థోవా వేళ్ళకు ఆ తలుపు మీది పాత గీతల లోతు తెలుసు. నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టేవి. అంటే అవి చిన్నపిల్లల చేతులు గీసినవి. ఆ గీతలు గీసిన పూట ఆ పిల్లలు బతికే ఉన్నారు. చచ్చినవాళ్ళెవరూ ఏ తలుపునూ గోకలేదు. ఇంతకాలం ఆ ఇంటిని భయపెట్టింది బతికున్నవాళ్ళ చప్పుడు.

థోవా నీళ్ళను చీల్చుకుంటూ ఇంట్లోకి పరుగెత్తి రోకలి తెచ్చింది. "నువ్వు తెరిస్తే ఇల్లు కొట్టుకుపోతుంది, పిల్ల పోతుంది," అని అత్తగారు చెయ్యి పట్టుకుంది. థోవాకు ఆ భయం కూడా నిజమేనని తెలుసు. అయినా విదిలించుకుంది. అటక మీదికి చూసి, "మై, పెద్ద దూలాన్ని గట్టిగా పట్టుకో. అమ్మ ఎంతసేపు రాకపోయినా వదలొద్దు," అని చెప్పి వెళ్ళింది.

అడ్డగడియ నీళ్ళ ఒత్తిడికి కొక్కేల్లో ఇరుక్కుపోయింది. ఆమె రోకలితో దాని చివర కొట్టింది. రెండు, మూడు, నాలుగు దెబ్బలు. చేతులు చీరుకుపోయాయి. "మువాన్ పిన్నీ, తలుపుకు ఎదురుగా నిలబడొద్దు, గోడ పక్కకి తప్పుకోండి," అని అరిచింది. ఎంతో కాలంగా వానలో ఆ ఇంటినుంచి బయటికి వినపడ్డ మొదటి జవాబు అది. ఏడో దెబ్బకు గడియ జారింది. తలుపు రెండు రెక్కలూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి, నీళ్ళు ఆమెను ఎత్తి అడ్డుగోడకు కొట్టాయి. ఊపిరి పోయిందనుకుంది. కళ్ళు తెరిచేసరికి అడ్డుగోడ నిలబడే ఉంది. వరద దానికి తగిలి రెండుగా చీలి ఇంటికి అటూ ఇటూ పోతోంది. స్తంభాలు కిర్రుమన్నాయి, కానీ కదల్లేదు. ఆ గోడ దయ్యాలకు అడ్డమని అందరూ అనేవాళ్ళు. కట్టినవాడికి నది సంగతి తెలుసు.

జనం ఒకే తాడు పట్టుకుని వచ్చారు. నడుములకు ముడులు వేసి ఉన్న పొడుగాటి పడవ తాడు. మువాన్ చంకలో మనవరాలు. ఆ వెనక ముసలివాళ్ళు, బాలింత ఒకామె, టోపీలు కుట్టేవాళ్ళు, పాలిపోయిన ముఖాలతో పిల్లలు. థోవా ఒక్కొక్కరినీ పట్టుకుని వసారా ఎక్కించింది. దియెప్ అమ్మగారు అటక నిచ్చెన దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ ఒక్కొక్కరినీ పేరడిగింది. పేరు, తండ్రి పేరు. వణుకుతున్న మనుషులు పళ్ళు కొట్టుకుంటుంటే చెప్పి ఎక్కారు. ఇరవై ముగ్గురు. అటక మూలిగింది గానీ మోసింది.

తాడు చివర ఎవరూ లేరు. ముడి మాత్రం ఉంది, విప్పుకుని వెళ్ళిన ముడి.

థోవా ఆ ముడి వంకే చూస్తూ అడిగింది. "పిన్నీ, మీరు రాకముందు ఎవరు పిలిచారు?"

మువాన్ మనవరాలి తల తుడుస్తూ ఆగింది. "అదేంటే, మీ తమ్ముడే. ఇంకా లోపలికి రాలేదా?"

"వాడు సరస్సులో..."

"సరస్సులో ఏంటి, గాలి తీరు చూసి పడవ ఎక్కలేదు వాడు. రెండు రోజులు నడుచుకుంటూ వచ్చాడు, అక్క ఒంటరిగా ఉంటుందని. ఈ తాడు కట్టి మమ్మల్నందర్నీ ఇళ్ళ కప్పుల మీంచి దింపి ఇక్కడిదాకా తెచ్చింది వాడే. పిలిచాడు, పిలిచాడు, నువ్వు పలకలేదు. 'వాన గోల, అక్కకి వినపడట్లేదు. రేవు వైపు గోడ విరిగి ఉంది కదా, అటునుంచి దూకి వెళ్ళి తీస్తాను' అని ముడి విప్పుకుని పోయాడు." మువాన్ థోవా ముఖం చూసి గొంతు తగ్గించింది. "రాలేదా వాడు?"

రేవు వైపు ఎవరూ దిగలేనంత వరద. ఆ సంగతి ఆ అటక మీద ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. థోవా వసారా చివరికి వెళ్ళి పెరటి వైపు, "లొక్," అని అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. ఇద్దరు మనుషులు ఆమెను పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది.

చీకటి పడబోతుండగా అత్తగారు ఆమె పక్కన వచ్చి కూర్చుంది. అటక మీద అందరూ తడి గుడ్డల్లో ఒకరికొకరు ఆనుకుని ఉన్నారు. మై తల్లి ఒళ్ళో ఉంది.

"పేరు చెబితే తియ్యమనే మా అత్తగారు నాకు చెప్పింది," అంది దియెప్ అమ్మగారు. నెమ్మదిగానే అంది గానీ అందరికీ వినపడింది. "పేర్లు అరువు తెచ్చుకుంటారన్న మాట నాది."

థోవా తల తిప్పింది.

"నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు ఇలాగే వరద. ఇంట్లో నేనొక్కదాన్నే. సేన్ అని పనిపిల్ల ఉండేది, మీ వాడ పిల్లే. ఆ పిల్ల తలుపు దగ్గర పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. నాకు భయమేసింది. తియ్యలేదు. వరద తీశాక గుంటలో దొరికింది. బతికున్న మనిషికి తలుపు తియ్యలేదని ఎవరితో చెప్పను? అందుకని అది సేన్ కాదన్నాను. అంటూ అంటూ నేనే నమ్మాను."

"ఖాంగ్?" అంది థోవా.

"వాడిది జ్వరమే. డాక్టరు సరిగ్గానే చెప్పాడు."

థోవా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఈ ముసలిదాన్ని నిచ్చెన మీంచి కిందికి తోసెయ్యాలనిపించింది. చేతులు లేచాయి కూడా. "నా పిల్ల పోతుందన్నారు మీరు. ఆ మాట మీద నా తమ్ముణ్ణి బయట నిలబెట్టాను," అంది. తలుపు తీయనిది ఆవిడ నోరు కాదు, తన చెయ్యి. ఆ సంగతి తెలుస్తున్న కొద్దీ కోపం ఎవరి మీద పెట్టాలో తోచక, పైకెత్తిన చేతులతో మైని గట్టిగా పొదువుకుంది.

వాన మళ్ళీ జోరందుకుంది. తెరిచిన తలుపు రెక్క నీళ్ళలో ఊగి గోడకు కొట్టుకుంది. ఒకసారి, రెండోసారి. ఆ చప్పుడు మధ్యలో, చాలా సన్నగా, పిలుపు.

"అక్కా."

అటక మీద మాటలు ఆగిపోయాయి. బాలింత పిల్లను గుండెకు అదుముకుంది. ఎవరో బుద్ధుణ్ణి తలుచుకున్నారు. తాము విన్నామో లేదో ఆ తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు. మై మాత్రం, "మామయ్య," అంది.

దియెప్ అమ్మగారి వక్క నమిలే దవడ ఆగింది. ఆవిడ ఈసారి పలకొద్దని చెప్పలేదు.

థోవాకు భయం పోలేదు, ఆ భయంతోనే లేచింది. మైని మువాన్ ఒడిలో పెట్టి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగి, నీళ్ళు తగిలే ఆఖరి మెట్టు మీద నిలబడింది. వాకిట్లో చీకటి, నీళ్ళు, నోరు తెరిచి ఉన్న తలుపు.

"వింటున్నాన్రా," అంది. "లొక్, టోపీల థిన్ కొడుకా, తలుపు తీసే ఉంది. లోపలికి రా."

ఎవరూ రాలేదు. నీళ్ళ మీద ఆకు టోపీ ఒకటి తేలుతూ తలుపు దాటి వచ్చి, అడ్డుగోడ దగ్గర తిరిగి, పక్కకు పోయింది. అలాంటి టోపీలు వాడలో ఇంటికి పది ఉంటాయి.

నాలుగో రోజున వరద తీసింది. లొక్‌ను రేవు మెట్ల దగ్గర, విరిగిన గోడకు లోపలి వైపు కనుక్కున్నారు. గోడ దూకనే దూకాడు. అక్కడినుంచి తలుపు దగ్గరికి రావడానికి ఇంకో ముప్ఫై అడుగులు.

దివాణం తలుపు ఆ తర్వాత మూయలేదు. అడ్డగడియను థోవా గొడ్డలితో చీల్చి, మరుసటి ఏడు అయిదో నెల కుంపటిలో పెట్టింది. ఆ ఏటి గంజీ నీళ్ళూ తలుపు లోపల, వాకిట్లో పెట్టారు. వాడ జనం గీతలున్న ఆ తలుపు దాటి లోపలికి వచ్చి దండం పెట్టుకున్నారు. దియెప్ అమ్మగారు కుర్చీలో కూర్చుని సేన్ పేరు, సేన్ తండ్రి పేరు పైకి చెప్పింది. థోవా ఆవిడతో మాట్లాడదు. అన్నం మాత్రం వేళకు పెడుతుంది.

ఇప్పుడు వాన మొదలైతే థోవా చెవులు మూసుకోదు. చేస్తున్న పని వదిలేసి వచ్చి, వేయించిన చేపలు ఓ పళ్ళెంలో పెట్టుకుని గడప మీద కూర్చుంటుంది. రేడియో కట్టేస్తుంది, మైని మాట్లాడొద్దంటుంది, పెంకుల మీద వాన గట్టిగా పడితే లేచి వాకిట్లోకి వెళ్ళి తడుస్తూ నిలబడుతుంది. వాన గోలలో ఒక్క పిలుపైనా తనకు వినపడకుండా పోతుందేమోనని ఆమెకు భయం.